తెలుగు వెబ్‌సైట్‌లో అక్షరాలు ఎక్కడ చెడతాయి?

"సైట్‌లో తెలుగు పోయింది." తెలుగు వెబ్‌సైట్లు చేసిపెట్టే ఫ్రీలాన్స్ డెవలపర్లు క్లయింట్ల దగ్గర తరచుగా వినే మాట ఇది. ఆ ఒక్క మాట వెనక అరడజను వేర్వేరు సమస్యలు ఉంటాయి. ఒకచోట అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వస్తాయి. ఇంకోచోట వరసగా ప్రశ్నార్థకాలు. మరోచోట రోమన్ అక్షరాలూ డిగ్రీ గుర్తులూ కలిసిన గజిబిజి. కొన్నిసార్లు అక్షరాలన్నీ ఉంటాయి కానీ వత్తులు కింద చేరకుండా పక్కన నిలబడతాయి. చూసేవాళ్లకు ఇవన్నీ ఒకటే: తెలుగు పోయింది.

అక్కణ్నుంచి వాదన మొదలవుతుంది. క్లయింట్ డెవలపర్‌ని అంటారు, డెవలపర్ హోస్టింగ్ (సైట్‌ను ఉంచే సర్వర్ ఇచ్చే) వాళ్లని అంటాడు, హోస్టింగ్ వాళ్లు మీ ప్లగిన్ చూసుకోండి అంటారు. నిజానికి అక్షరం కీబోర్డు దగ్గర బయల్దేరి చదివేవాళ్ల తెర మీదికి చేరేలోపు నాలుగు చోట్ల ఆగుతుంది. టైప్ చేసిన చోట, నిల్వ చేసిన చోట, ప్రోగ్రామ్ దాన్ని కొలిచి కత్తిరించే చోట, ఫాంట్ దాన్ని గీసే చోట. ఎక్కడ చెడితే అక్కడి గుర్తు తెర మీద పడుతుంది. ఆ గుర్తు పట్టుకోగలిగితే తప్పెవరిదో తేలిపోతుంది. అంతకంటే ముఖ్యంగా, పోయిన అక్షరాలు తిరిగి వస్తాయో రావో కూడా తెలుస్తుంది. ఈ రెండో విషయం తెలియక, బాగుచేయగలిగిన డేటాను చేతులారా పాడుచేసుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి.

## అంకె వేరు, బొమ్మ వేరు

కంప్యూటర్ అక్షరాన్ని అక్షరంగా దాచుకోదు, అంకెగా దాచుకుంటుంది. ఏ అక్షరానికి ఏ అంకె అన్న పట్టిక అందరికీ ఒకటే ఉండాలని వచ్చిందే యూనికోడ్. 1991లో వెలువడిన దాని మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 గడులు కేటాయించారు. 'క' 3093, 'త' 3108, ఎత్వం 3142, పొల్లు గుర్తు 3149. భారతీయ లిపుల కోసం మన దేశంలో తయారైన ఇస్కీ పట్టికను చూసి ఈ వరస పెట్టారు. అందుకే హిందీ 'క', తెలుగు 'క', కన్నడ 'క' ఎవరి గడుల్లో వాళ్లకు ఒకే స్థానంలో ఉంటాయి.

ఫాంట్ పని వేరు. అంకె ఇస్తే బొమ్మ గీయడం దాని పని. ఫాంట్ మారితే బొమ్మ మారుతుంది, అంకె మారకూడదు.

మూడో సంగతి, ఆ అంకెను ఫైల్లో ఎలా రాయాలన్నది. వెబ్‌లో ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతి యూటీఎఫ్-8. అందులో ఇంగ్లిష్ అక్షరానికి 1 బైట్ (నిల్వకు చిన్న కొలత) చాలు, తెలుగు గుర్తుకు 3 బైట్లు కావాలి.

సంయుక్తాక్షరాలకు విడిగా అంకెలు లేవన్నది చాలామందికి తెలియదు. 'స్త్రీ' అన్న మాట చూడండి. చదివేవారికి అది ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి, అంటే మొత్తం 6 గుర్తులు. ఫైల్లో 18 బైట్లు. ఈ 1, 6, 18 మధ్య ఉన్న దూరంలోనే ఒక కుటుంబం మొత్తం తప్పులు పుడతాయి. వాటి దగ్గరికి తర్వాత వద్దాం.

## అనులో టైప్ చేసిన మేటర్

క్లయింట్ పంపిన ఫైల్ తెరిచి, మేటర్ కాపీ చేసి, సైట్‌లో పేస్ట్ చేస్తే రోమన్ అక్షరాలు, బ్రాకెట్లు, కామాలు కలగలిసి వస్తాయి. ఇది మొదటి చోట, అంటే టైపింగ్ దగ్గరే మొదలైన సమస్య. ఆ మేటర్ అను ఫాంట్లలోనో అలాంటి పాత ఫాంట్లలోనో టైప్ చేసినది.

ఈ ఫాంట్లు పుట్టిన కాలంలో డీటీపీ సాఫ్ట్‌వేర్‌కు యూనికోడ్ తెలియదు. ఫాంట్‌కు దొరికేవి దాదాపు 256 గడులు, అవీ రోమన్ అక్షరాల కోసం ఏర్పాటైనవి. ఫాంట్ తయారుచేసినవాళ్లు ఆ గడుల్లోనే తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. గుణింతాలు, వత్తులు కలిపితే తెలుగుకు కావలసిన రూపాలు వందల్లో ఉంటాయి కాబట్టి అక్షరాలను ముక్కలు చేశారు. తలకట్టు ఒక గడిలో, కొమ్ము ఒక గడిలో, వత్తు ఇంకో గడిలో. ఆపరేటర్ ఆ ముక్కలను పేర్చుకుంటూ పోతే కాగితం మీద చక్కటి తెలుగు వస్తుంది. ప్రెస్సుకు కావలసింది బొమ్మే కాబట్టి ఇందులో లోటేమీ లేదు. తెలుగు ప్రచురణ రంగం ఏళ్ల తరబడి ఈ పద్ధతి మీదే నడిచింది. పేజీలు కూర్చే డీటీపీ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 2001లో వచ్చింది, అయినా చిన్న ప్రెస్సుల్లో అది ఇప్పటికీ కనిపిస్తుంది.

వెబ్‌కు వెళ్లేది బొమ్మ కాదు, అంకె. ఆ అంకె "నేను రోమన్ అక్షరాన్ని" అని చెబుతుంది. తెలుగు పత్రికల వెబ్‌సైట్లు కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంట్ ఉండేది. అది డౌన్‌లోడ్ చేసుకుంటే తప్ప సైట్ చదవలేకపోయేవాళ్లం. తెలుగు మాటతో వెతికితే ఆ వార్తలు దొరికేవి కావు, ఎందుకంటే అక్కడ ఉన్నది లెక్కప్రకారం తెలుగు కాదు. ఆ పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ వచ్చింది. అప్పట్లో చాలామందికి అది పెద్ద ఊరట.

ఈ గజిబిజిలో సమాచారం పోలేదు, వేరే పట్టికలో ఉందంతే. కాబట్టి కన్వర్టర్‌తో వెనక్కి తేవచ్చు. అయితే చిక్కులున్నాయి. ఫాంట్‌ను బట్టి పట్టిక మారుతుంది, ఒకే పేరున్న ఫాంట్లలోనే వెర్షన్‌ను బట్టి మారవచ్చు. ముక్కలు కంటికి కనిపించే వరసలో ఉంటాయి కాబట్టి వత్తు ఏ అక్షరానికి చెందిందో కన్వర్టర్ ఊహించుకోవాలి. ఇంకా పెద్ద చిక్కు, మధ్యలో ఉన్న అసలు ఇంగ్లిష్. పేస్ట్ చేసినప్పుడు ఫాంట్ పేరు రాలిపోతుంది. ఏ ముక్క తెలుగుగా గీసిన రోమన్, ఏ ముక్క నిజమైన రోమన్ అన్నది తెలియదు. అందుకే ఈమెయిల్ అడ్రసులు, డిగ్రీల పేర్లు, బ్యాంకు వివరాలు కన్వర్టర్‌లోంచి వింత తెలుగు ముక్కలుగా బయటికొస్తాయి. గుడి దాతల జాబితా, స్కూలు ఫీజుల పట్టిక లాంటివి మార్చినప్పుడు పేర్లు తెలిసిన మనిషి ఒకరు మొత్తం చదివి చూడక తప్పదు.

ఆ పని ఎవరిది? క్లయింట్ వైపు నుంచి చూస్తే, "మేటర్ ఇచ్చాను, సైట్‌లో పెట్టడమే కదా" అన్నది న్యాయంగానే ఉంటుంది. ఆయన తెర మీద తెలుగు కనబడుతోంది, అది తెలుగు కాదంటే ఎలా నమ్మాలి? డీటీపీ ఆపరేటర్ మాటా కొట్టిపారేయలేం. ఆయన చేతివేళ్లకు ఆ కీబోర్డు ఏళ్లుగా అలవాటు. ఆయనకు డబ్బిచ్చింది కరపత్రం ప్రింట్‌కు, వెబ్‌సైట్‌కు కాదు. డెవలపర్ ఒప్పుకున్నది సైట్ తయారీ, 40 పేజీల ప్రూఫ్ రీడింగ్ కాదు. నా ఉద్దేశంలో, మాట్లాడుకునేటప్పుడే మేటర్ ఏ ఫాంట్‌లో ఉందో అడిగి, మార్పిడికి విడిగా రేటు చెప్పడం ముగ్గురికీ న్యాయం. పని మధ్యలో బయటపడితే ఎవరో ఒకరు ఉచితంగా మోయాల్సి వస్తుంది, సాధారణంగా అది డెవలపరే.

మార్పిడి తలనొప్పి తప్పించుకోవడానికి కొందరు మేటర్‌ను ఫొటోగా చేసి పెట్టేస్తారు. చేతిరాతలా తీర్చిన శీర్షికకు, ఆహ్వానపత్రికకు అది సరిపోతుంది. పేజీ మొత్తం ఫొటో అయితే మాత్రం సెర్చ్‌లో దొరకదు, చూపు లేనివారి స్క్రీన్ రీడర్ చదవలేదు, ఫోన్‌లో అక్షరం చిన్నదై కళ్లు చికిలించాలి. మేటర్ రెండు మూడు పేజీలే అయితే కన్వర్టర్‌తో కుస్తీ పట్టే బదులు ఫోన్‌లో వాయిస్ టైపింగ్ పెట్టి చదివేసి సరిదిద్దుకోవడమే సులువు.

## ప్రశ్నార్థకాలా, డిగ్రీ గుర్తులా?

ఇప్పుడు రెండో చోటు, నిల్వ. ఇక్కడి జబ్బుకు రెండు రూపాలు ఉంటాయి. ఒకటి భయపెడుతుంది కానీ నయమవుతుంది. రెండోది శుభ్రంగా కనిపిస్తుంది కానీ నయం కాదు.

మొదటిది, తలపై గీత ఉన్న రోమన్ 'ఎ', డిగ్రీ గుర్తు (°), ప్లస్-మైనస్ గుర్తు (±) పదే పదే వచ్చే గజిబిజి. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకు మొదటి బైట్ 224, రెండోది 176 లేదా 177. ఆ బైట్లను పాశ్చాత్య భాషల పాత పట్టికతో చదివితే 224 గీత ఉన్న 'ఎ' అవుతుంది, 176 డిగ్రీ గుర్తు, 177 ప్లస్-మైనస్. హల్లులకు 176 వస్తుంది, కొమ్ములకూ ఎత్వాలకూ పొల్లుకూ 177 వస్తుంది. 'తెలుగు' అన్న మాట ఇలా చెడితే ° ± ° ± ° ± అని రెండూ ఒకటి విడిచి ఒకటి కనిపిస్తాయి. అవి కనిపించాయంటే బైట్లు క్షేమంగా ఉన్నాయని, చదివే పట్టికే తప్పని అర్థం. పట్టిక సరిచేస్తే తెలుగు తిరిగొస్తుంది.

రెండోది వరస ప్రశ్నార్థకాలు. 'తెలుగు' బదులు ?????? అని ఆరు. తెలుగుకు చోటే లేని పట్టికలోకి తెలుగు రాయమంటే, సాఫ్ట్‌వేర్ ఒక్కో గుర్తుకు ఒక్కో ప్రశ్నార్థకం రాసి అసలుది పారేస్తుంది. 'తెలుగు'కూ 'వెలుగు'కూ అవే ఆరు ప్రశ్నార్థకాలు. వెనక్కి తెచ్చే దారి లేదు, బ్యాకప్ ఒక్కటే దిక్కు.

ఇవి ఎక్కువగా డేటాబేస్‌లో జరుగుతాయి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో చాలాకాలం పాటు, ఏమీ చెప్పకపోతే లాటిన్-1 (పైన చెప్పిన పాశ్చాత్య భాషల పాత పట్టిక) వచ్చేది. 2018 నాటి 8.0 వెర్షన్ నుంచి యూటీఎఫ్8ఎంబీ4 వస్తోంది. ఈ 'ఎంబీ4' ఎందుకంటే, మైఎస్‌క్యూఎల్‌లో ఉత్త 'యూటీఎఫ్8' అన్న పేరుతో ఉన్నది నిజానికి 3 బైట్ల వరకే పట్టే రకం. తెలుగుకు 3 బైట్లు చాలు కాబట్టి లోటు తెలియదు. ఎమోజీకి 4 కావాలి. పాత అమరికలో ఎవరైనా "పుట్టినరోజు శుభాకాంక్షలు" అని రాసి ఒక ఎమోజీ పెట్టి ఇంకో రెండు వాక్యాలు రాస్తే, ఎమోజీ దగ్గర్నుంచి మిగతా అంతా మాయమవుతుంది, లేదా మొత్తం కామెంటే సేవ్ కాదు. సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ 2015లో 4.2 వెర్షన్‌తో కొత్త పద్ధతికి మారింది. అంతకుముందు పెట్టిన సైట్లలో పాత టేబుళ్లు అలాగే ఉండిపోయిన సందర్భాలున్నాయి.

అన్నిటికంటే ఎక్కువ గొడవలు తెచ్చేది ఇంకో రకం. టేబుల్ లాటిన్-1, సైట్ నుంచి డేటాబేస్‌కు కనెక్షన్ కూడా లాటిన్-1. సైట్ పంపిన తెలుగు బైట్లను డేటాబేస్ ఏవో పాశ్చాత్య అక్షరాలనుకుని దాచుకుంటుంది, అడిగితే అవే బైట్లు తిరిగిస్తుంది. రెండు తప్పులు ఒకదానికొకటి సరిపోయి ఏళ్ల తరబడి సైట్ బ్రహ్మాండంగా నడుస్తుంది. హోస్టింగ్ మార్చి కొత్త సర్వర్‌లో కనెక్షన్ సరైన పద్ధతిలో పెట్టగానే తెలుగంతా డిగ్రీ గుర్తులైపోతుంది. "నువ్వు సర్వర్ మార్చాకే పోయింది" అంటారు క్లయింట్. కళ్లముందు జరిగినదాన్ని బట్టి ఆయన మాట నిజమే. తప్పు పుట్టింది మాత్రం సైట్ మొదటిసారి పెట్టిన రోజున.

దీనికి డెవలపర్లు వాడే మార్గం ఒకటుంది. ఆ కాలమ్‌లో ఉన్నవి అక్షరాలు కావు, ఉత్త బైట్లని ముందు డేటాబేస్‌కు చెప్పి, తర్వాత ఆ బైట్లే యూటీఎఫ్8ఎంబీ4 అని చెప్పడం. నేరుగా లాటిన్-1 నుంచి కొత్త పట్టికకు మార్చమంటే డేటాబేస్ నిజాయితీగా ఆ గజిబిజినే అనువదించి పెడుతుంది. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, సర్వర్ మార్చినప్పుడు టేబుల్‌ను కూడా అలా నేరుగా మార్చేసి, రెండు వారాలు ఎవరూ గమనించకుండా కొత్త పోస్టులు రాసేశారనుకుందాం. అవి సరిగ్గా నిల్వయ్యాయి, పాతవి తప్పుగా ఉన్నాయి. మొత్తానికి కలిపి మందేస్తే కొత్తవి చెడతాయి. ఏ తేదీకి ముందువి, ఏ తేదీ తర్వాతవి అని విడదీసి చేయాలి.

ఎక్సెల్ కూడా ఈ కోవలోదే. స్కూలు వాళ్లు పిల్లల పేర్లు తెలుగులో ఎక్సెల్ షీట్‌లో సిద్ధం చేసి, సైట్‌కు ఎక్కించడానికి సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్ ఫైల్‌గా) సేవ్ చేస్తారు. మామూలు 'సీఎస్‌వీ' ఎంచుకుంటే పేర్లన్నీ ప్రశ్నార్థకాలవుతాయి, ఆ ఫైల్లోంచి వాటిని రాబట్టలేం. అదే జాబితాలో 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అని వేరే ఎంపిక ఉంటుంది, దాంతో పేర్లు నిలుస్తాయి. గూగుల్ షీట్స్ నుంచి దింపిన సీఎస్‌వీ యూటీఎఫ్-8లోనే ఉంటుంది. అందుకే చాలామంది డెవలపర్లు క్లయింట్‌ను ఎక్సెల్ ఫైల్ యథాతథంగా పంపమని, సీఎస్‌వీ తామే చేసుకుంటారు.

## 1, 6, 18: లెక్క తప్పే చోట్లు

ఇక ప్రోగ్రామ్ చేతిలో జరిగేవి. వార్తల సైట్ హోమ్‌పేజీలో ప్రతి వార్తకు మొదటి 100 అక్షరాలు చూపించాలనుకోండి. పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో మాటను కత్తిరించే మామూలు సబ్‌స్ట్రింగ్ ఫంక్షన్ బైట్లు లెక్కపెడుతుంది. తెలుగుకు 3 చొప్పున 33 గుర్తులు అయ్యాక ఒక బైట్ మిగులుతుంది. ఆ సగం ముక్క నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకంగా చివర వేలాడుతుంది. దాని బదులు మల్టీబైట్ రకం వాడితే గుర్తులు లెక్కపెడుతుంది, డైమండ్ పోతుంది. కానీ 'స్త్రీ'లో నాలుగో గుర్తు దగ్గర కోత పడితే 'స్త్' మిగులుతుంది. తప్పుగా కనిపించదు, తప్పుగా చదివిస్తుంది.

చదివేవారు అనుకునే అక్షరాన్ని లెక్కపెట్టే మూడో పద్ధతి కూడా ఉంది, గ్రాఫీమ్ పద్ధతి. అదీ మొన్నమొన్నటిదాకా తెలుగు సంయుక్తాక్షరాలను ముక్కలు చేసేది. పొల్లు వచ్చినచోట కోసి 'స్త్రీ'ని మూడుగా లెక్కించేది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నియమాన్ని మార్చి, తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరాన్ని ఒకటిగా కలిపింది. ఆ మార్పు చేరిన ఫోన్‌లో ఒకటి, చేరని సర్వర్‌లో మూడు అని వస్తే, ఆ తేడా డెవలపర్ కోడ్ తప్పు కాదు. ఈ తంటా అంతా ఎందుకని, మేటర్ మొత్తం పంపించి మూడు లైన్ల తర్వాత దాచమని సీఎస్‌ఎస్‌తో (పేజీ రూపం ఎలా ఉండాలో చెప్పే కోడ్‌తో) బ్రౌజర్‌కే చెప్పేవాళ్లున్నారు. అక్షరం మధ్యలో తెగదు కాబట్టి తెలుగు సైట్లకు నాకు నచ్చే దారి అదే.

ఫారాల్లో ఇంకో రకం. పేరు గడిలో అక్షరాలు మాత్రమే ఉండాలని పెట్టిన నియమం రోమన్ 26 అక్షరాలకే రాసి ఉంటుంది. తెలుగులో పేరు రాస్తే "సరైన పేరు ఇవ్వండి" అంటుంది. దాన్ని 'ఏ భాష అక్షరమైనా సరే' అని మార్చినా పని పూర్తి కాదు. 'రమ' ఒప్పుకుంటుంది, 'రామ' ఒప్పుకోదు. కారణం, యూనికోడ్ వర్గీకరణలో హల్లు అక్షరం, దీర్ఘం అక్షరం కాదు, అది 'మార్క్' అనే వేరే వర్గం. రెండు వర్గాలనూ అనుమతిస్తే తప్ప గుణింతం ఉన్న పేరు లోపలికి రాదు. తన పేరు తన భాషలో రాసుకున్న మనిషికి అది సరైన పేరు కాదని చెప్పడం చిన్న పొరపాటుగా నేను చూడలేను.

లింకుల సంగతి. వెబ్ అడ్రసులో తెలుగు రాస్తే తెర వెనక ఒక్కో బైట్ ఒక శాతం గుర్తు, రెండు అంకెలుగా మారుతుంది. ఒక్కో గుర్తుకు 9 స్థానాలు. 'తెలుగు' అన్న ఆరు గుర్తుల మాట 54 స్థానాలు తింటుంది. వర్డ్‌ప్రెస్‌లో పోస్ట్ లింకుకు 200 స్థానాలే ఉన్నాయి, అంటే 22 తెలుగు గుర్తులు. మూడు నాలుగు మాటల శీర్షిక కూడా సగంలో తెగిపోతుంది. వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే శాతం గుర్తుల తోరణం వస్తుంది. అందుకని లింకు రోమన్‌లోనే పెట్టాలని కొందరి వాదన. తెలుగు పేజీకి తెలుగు చిరునామా ఉండడం సహజమని, చిరునామా పట్టీలో చక్కగా చదవగలుగుతామని ఇంకొందరు అంటారు. తెలుగు వికీపీడియా తెలుగు చిరునామాలతోనే నడుస్తోంది. ఎక్కువగా వాట్సాప్‌లో తిరిగే సైట్‌కు రోమన్ మంచిది. నిఘంటువు, విజ్ఞాన సర్వస్వం లాంటివాటికి తెలుగు లింకు అర్థవంతం.

సైట్ నుంచి ఎస్సెమ్మెస్ వెళ్లే ఏర్పాటు ఉంటే ఈ లెక్క బిల్లులో కనిపిస్తుంది. ఇంగ్లిష్ మెసేజ్‌కు 160 అక్షరాలు, తెలుగైతే 70 గుర్తులు. దాటితే ముక్కకు 67 చొప్పున లెక్క. 150 అక్షరాల ఇంగ్లిష్ మెసేజ్ ఒక ఎస్సెమ్మెస్, 150 గుర్తుల తెలుగు మెసేజ్ మూడు. గుణింతం, పొల్లు అన్నీ గుర్తుల్లోకే వస్తాయి.

## కంటికి కనిపించని 8204

'సాఫ్ట్‌వేర్' అని వెతికితే దొరకదు, 'సాఫ్ట్వేర్' అని వెతికితే దొరుకుతుంది. లేదా ఇటుది అటు అవుతుంది. మొదటి దానిలో 'ట్' తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంది. దాని అంకె 8204, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. పొల్లును పొల్లుగానే ఉంచు, తర్వాతి హల్లును వత్తుగా మార్చకు అని ఫాంట్‌కు చెప్పడం దాని పని. ఇంగ్లిష్ మాటలు తెలుగులో రాసేటప్పుడు ఇది లేకపోతే చదవడం కష్టమవుతుందని ఒక పక్షం. తెలుగులో హల్లు మీద హల్లు వస్తే వత్తవడమే లిపి స్వభావం, పైగా చాలామంది కీబోర్డుల్లో ఈ గుర్తు ఎక్కడుందో తెలియదు, కనుక వాడకపోవడమే నయమని ఇంకో పక్షం. రెండూ వాడుకలో ఉన్నాయి. అచ్చులో ఇది చూపుకు సంబంధించిన ఇష్టాయిష్టం మాత్రమే. డేటాబేస్‌కు మాత్రం 11 గుర్తుల మాట ఒకటి, 10 గుర్తుల మాట ఇంకొకటి.

రాసేవారి అలవాటు మార్చే ప్రయత్నం చేయకుండా, వెతకడం కోసం విడిగా ఒక కాలమ్ పెట్టి అందులో ఈ గుర్తు తీసేసి దాచడం, వెతికే మాటలోంచి కూడా తీసేయడం సరిపోతుంది. ఆ పని చేసేటప్పుడే ఐత్వాన్ని కూడా సరిచేసుకోవచ్చు. ఐత్వాన్ని ఒక్క గుర్తుగానూ, ఎత్వం కింద ఐత్వపు తోక చేర్చి రెండు గుర్తులుగానూ రాయవచ్చు, తెర మీద రెండూ ఒకటే. యూనికోడ్ నార్మలైజేషన్ ఆ రెంటినీ ఒకటి చేస్తుంది. సున్న (ం) బదులు తెలుగు అంకె సున్నా (౦) పడితే మాత్రం అది ఏమీ చేయలేదు, ఎందుకంటే అవి నిజంగానే వేర్వేరు గుర్తులు.

ఈ కనిపించని గుర్తు ఒకసారి ప్రపంచ వార్తల్లోకి ఎక్కింది. 2018 ఫిబ్రవరిలో, 'జ్ఞ' తర్వాత ఈ గుర్తు, ఆ తర్వాత దీర్ఘం ఉన్న తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. తెలుగు గీయడం కంప్యూటర్‌కు ఎంత చిక్కైన పనో అప్పుడు చాలామందికి తెలిసింది.

## గీసే చోట: డబ్బాలు, తెగిన వత్తులు, ఉబ్బిన బోల్డ్

ఖాళీ డబ్బాలు కనిపిస్తే అంకెలు సరిగ్గానే ఉన్నాయి, గీయడానికి ఆ యంత్రంలో తెలుగు ఫాంట్ లేదు. ఇది అన్నిటికంటే తేలికైన జబ్బు. విండోస్‌లో ఎక్స్‌పీ కాలంలో గౌతమి వచ్చింది, విండోస్ 8 నుంచి నిర్మల ఉంది. ఆండ్రాయిడ్‌లో నోటో, ఆపిల్ పరికరాల్లో వాళ్ల ఫాంట్లు. కాబట్టి డబ్బాలు అరుదయ్యాయి, తేడాలు మాత్రం మిగిలాయి. అన్నిటా ఒకేలా కనబడాలంటే సైట్‌తోపాటే ఫాంట్ పంపాలి.

అలా పంపాలా వద్దా అన్నది ఎడతెగని చర్చ. తెలుగు ఫాంట్‌లో వందల రూపాలు, వాటిని కలిపే నియమాలు ఉంటాయి కాబట్టి రోమన్ ఫాంట్ కంటే బరువు. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఊళ్లో చదివేవారికి ఆ బరువు తెలుస్తుంది. బరువు తగ్గిద్దామని వాడని రూపాలు కత్తిరించే టూల్‌తో అజాగ్రత్తగా కోస్తే వత్తులు కలిపే నియమాలు కూడా పోయి, 'క్క' బదులు 'క్' పక్కన 'క' నిలబడుతుంది. శీర్షికలకు మాత్రం మంచి ఫాంట్ పంపి, కిందిదంతా ఫోన్‌లో ఉన్న ఫాంట్‌కే వదిలేయడం మధ్యేమార్గం.

ఇంగ్లిష్ కొలతలతో గీసిన డిజైన్‌లో తెలుగు పోస్తే వచ్చే ఇబ్బంది వేరు. తెలుగు పైకీ కిందికీ పెరిగే లిపి. మెనూ బటన్‌కు ఎత్తు బిగించేసి, మించినది దాచమని రాస్తే, 'రాష్ట్రం'లో కింది వత్తు తెగిపోతుంది. లైన్ల మధ్య దూరం ఇంగ్లిష్‌కు 1.4 చాలనుకుంటే తెలుగుకు 1.7 దాకా ఇవ్వాలి, లేదంటే పై లైను వత్తులు కింది లైను తలకట్లకు తగులుతాయి.

బోల్డ్ కూడా గమనించాల్సిందే. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న రామభద్ర, గురజాడ, సురన్న లాంటి అందమైన తెలుగు ఫాంట్లు ఒకే మందంలో వస్తాయి. బోల్డ్ అడిగితే బ్రౌజర్ ఆ బొమ్మనే ఉబ్బించి చూపిస్తుంది, అక్షరాల మధ్య ఖాళీలు పూడుకుపోతాయి. నోటో సాన్స్ తెలుగు, హింద్ గుంటూరు, బాలూ తమ్ముడు 2 వంటివాటిలో నిజమైన బోల్డ్ ఉంది.

## సైట్‌లో బాగుంది, పీడీఎఫ్‌లో బాగాలేదు

రసీదు, హాల్ టికెట్, సర్టిఫికెట్. తెర మీద పేరు చక్కగా ఉంటుంది, డౌన్‌లోడ్ చేసిన పీడీఎఫ్‌లో వత్తులు విడిపోయి ఉంటాయి. బ్రౌజర్‌లో అంకెల వరసను చూసి ఏ రూపం ఎక్కడ కూర్చోవాలో తేల్చే ఇంజిన్ ఉంటుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్ మూడింటిలోనూ హార్ఫ్‌బజ్ ఆ పని చేస్తుంది. పీడీఎఫ్ తయారుచేసే చిన్న లైబ్రరీలు (సిద్ధంగా దొరికే కోడ్) చాలావాటిలో అలాంటిది లేదు. ఒక అంకెకు ఒక బొమ్మ పెట్టుకుంటూ పోతాయి. రోమన్‌కు అది చాలు, తెలుగుకు చాలదు. ఫాంట్ మార్చి చూడడం ఇక్కడ వృథా, లోపం ఫాంట్‌లో లేదు.

సర్వర్‌లో క్రోమ్‌నే తెర లేకుండా నడిపి, పేజీని పీడీఎఫ్‌గా ప్రింట్ చేయించడం నమ్మకమైన దారి. కొత్త లినక్స్ సర్వర్‌లో తెలుగు ఫాంట్ ఉండకపోవచ్చు. అప్పుడు మొదటి పీడీఎఫ్ మొత్తం డబ్బాలతో వస్తుంది, ఫాంట్ ఎక్కిస్తే సరి. తక్కువ ధర షేర్డ్ హోస్టింగ్‌లో క్రోమ్ నడపనివ్వరు. అక్కడ పీహెచ్‌పీ లైబ్రరీల్లో ఎంపీడీఎఫ్ భారతీయ లిపులను కలిపే పని చేస్తుంది, పోతన ఫాంట్ దాంతోపాటే వస్తుంది. సర్టిఫికెట్ల మీద తెలుగు పేర్లు వేయాల్సిన చిన్న సైట్లకు అది సరిపోతోంది.